ఎరిత్రోపోయిటిన్, యూజీన్ గోల్డ్‌వాసర్: తరచుగా అడిగే ప్రశ్నలు

కిడ్నీ జబ్బుతో డయాలసిస్ చేయించుకునే వాళ్ళకు, వాళ్ళ ఇంట్లో వాళ్ళకు ‘రక్తం పెరిగే ఇంజెక్షన్’ బాగా తెలుసు. దాని అసలు పేరు ఎరిత్రోపోయిటిన్, పొట్టిగా ఈపీఓ. ఈ మందు పేరు చెప్తే అందరికీ కంపెనీలు గుర్తొస్తాయి. దాన్ని రక్తంలోంచి, మూత్రంలోంచి వెతికి పట్టుకోవడానికి ఇరవై ఏళ్ళకు పైగా పెట్టిన మనిషి మాత్రం ఎవరికీ గుర్తు రాడు. ఆయన గురించీ, ఆయన పట్టుకున్న హార్మోన్ గురించీ పాఠకులు అడిగే ప్రశ్నలకు ఇవి జవాబులు.

యూజీన్ గోల్డ్‌వాసర్ ఎవరు?

అమెరికా జీవరసాయన శాస్త్రవేత్త. 1922లో న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో పుట్టారు. 1930ల ఆర్థిక మాంద్యంలో తండ్రి వ్యాపారం దెబ్బతినడంతో కుటుంబం మిస్సోరీ రాష్ట్రంలోని కాన్సస్ సిటీకి వెళ్ళింది. స్కాలర్‌షిప్ మీద షికాగో విశ్వవిద్యాలయంలో చేరి 1943లో డిగ్రీ, 1950లో పీహెచ్‌డీ పూర్తి చేశారు. మధ్యలో యుద్ధకాలంలో సైన్యంలో చేరితే, మేరీలాండ్‌లోని ఫోర్ట్ డెట్రిక్‌లో ఆంత్రాక్స్ మీద పని చేయించారు. పీహెచ్‌డీ తర్వాత కోపెన్‌హాగన్‌లో రెండేళ్ళు పరిశోధన చేసి, 1952లో మళ్ళీ షికాగోకే వచ్చారు. అక్కడి నుంచి ఇక కదల్లేదు. 2010 డిసెంబరులో, 88వ ఏట, అదే ఊళ్ళో చనిపోయారు.

ఎరిత్రోపోయిటిన్ చేసే పని ఏమిటి?

మన ఒంట్లో ఎర్ర రక్తకణం ఆయుష్షు దాదాపు 120 రోజులు. పాతవి పోతున్న కొద్దీ ఎముకల లోపలి మూలుగ సెకనుకు సుమారు 20 లక్షల కొత్త కణాలు తయారు చేస్తూ ఉంటుంది. ఎన్ని తయారు చేయాలో మూలుగకు చెప్పేది ఈపీఓ. మనిషి నెత్తురు పోగొట్టుకున్నా, ఎత్తైన కొండ ప్రాంతానికి వెళ్ళినా కిడ్నీలకు చేరే ఆక్సిజన్ తగ్గుతుంది. కిడ్నీలోని కొన్ని కణాలు అది గమనించి ఈపీఓను ఎక్కువగా రక్తంలోకి వదులుతాయి. అది మూలుగకు చేరి, పుట్టబోతున్న ఎర్ర కణాలు చనిపోకుండా కాపాడుతుంది. అలా కొన్నాళ్ళలో కణాల సంఖ్య పెరుగుతుంది.

పెద్దవాళ్ళలో దాదాపు 90 శాతం ఈపీఓ కిడ్నీలదే, మిగిలింది కాలేయానిది. గర్భంలోని పిండంలో అయితే ఈ పనంతా ప్రధానంగా కాలేయమే చేస్తుంది.

కిడ్నీ చెడిపోతే రక్తం ఎందుకు తగ్గుతుందని చాలామంది అడుగుతారు. రక్తాన్ని వడపోసే అవయవమే రక్తం తయారీకి కబురు పంపే అవయవం కూడా. డయాలసిస్ యంత్రం మొదటి పని చేయగలదు, రెండోది చేయలేదు.

ఈ హార్మోన్‌ను కనిపెట్టింది గోల్డ్‌వాసరేనా?

ఇలాంటిది ఒకటి ఉండొచ్చన్న ఆలోచన ఆయన పుట్టకముందే వచ్చింది. 1906లో పారిస్‌లో పాల్ కార్నో, క్లోతిల్డ్ దెఫ్లాంద్ర్ అనే ఇద్దరు, నెత్తురు తీసిన కుందేలు సీరం మామూలు కుందేలుకు ఎక్కిస్తే దాని ఎర్ర కణాలు పెరిగాయని రాశారు. చాలామంది అదే ప్రయోగం మళ్ళీ చేసి చూస్తే ఒకరికి వచ్చిన ఫలితం ఇంకొకరికి రాలేదు. ‘ఎరిత్రోపోయిటిన్’ అన్న పేరు 1948లో ఫిన్లాండ్‌లో ఎవా బోన్స్‌డార్ఫ్, ఈవా యాలవిస్తో అనే ఇద్దరు మహిళా పరిశోధకులు పెట్టారు. 1950లో కర్ట్ రైస్‌మన్ రెండు ఎలుకల రక్తప్రసరణను కలిపేసి, ఒకదానికి మాత్రమే ఆక్సిజన్ తగ్గిస్తే రెండోదానిలో కూడా మూలుగ చురుకెక్కిందని చూపించారు. 1953లో అలన్ ఎర్‌స్లెవ్ కుందేళ్ళలో ఇంకా గట్టి రుజువు ఇచ్చారు.

అంటే 1955 నాటికి ఆ పదార్థం ఉందని చాలామంది నమ్ముతున్నారు. అది ఏమిటో, ఎక్కడ తయారవుతుందో ఎవరూ చెప్పలేకపోయారు. గోల్డ్‌వాసర్ పని మొదలైంది అక్కడే.

ఆయన ఈ పనిలోకి ఎలా వచ్చారు?

పైవాళ్ళు అడిగితే. షికాగోలో లియాన్ జేకబ్‌సన్ అనే రక్తవ్యాధుల డాక్టర్ ఉండేవారు. అణుబాంబు తయారుచేసిన మన్‌హాటన్ ప్రాజెక్టులో పనిచేసే వాళ్ళ ఆరోగ్యం చూసుకున్నది ఆయనే. రేడియేషన్ తగిలితే రక్తం తయారీ కుంటుపడుతుంది కాబట్టి, మూలుగను మళ్ళీ నడిపించేది ఏమిటన్నది ఆయనకు పెద్ద ప్రశ్న. 1955లో గోల్డ్‌వాసర్‌ని పిలిచి, ఈ ఎరిత్రోపోయిటిన్ సంగతి చూడమన్నారు. కొన్ని నెలల పని అనుకుని ఒప్పుకున్నారు గోల్డ్‌వాసర్.

పరిశోధన జరిగిన ఆర్గాన్ క్యాన్సర్ రీసెర్చ్ హాస్పిటల్ అణుశక్తి సంఘం డబ్బుతో నడిచేది. దానివల్ల రేడియోధార్మిక ఇనుము సులభంగా దొరికింది. అది లేకుండా ఈ కథ ముందుకు నడిచేది కాదు. ఎందుకో కింద వస్తుంది.

కిడ్నీలోనే తయారవుతుందని ఎలా తేల్చారు?

పద్ధతి చాలా మొరటుది, కానీ తర్కం శుభ్రమైనది. ఎలుకల్లో ఒక్కో అవయవం తీసేస్తూ పోవడం. పిట్యూటరీ గ్రంథి తీసి చూశారు, థైరాయిడ్ తీసి చూశారు, ప్లీహం తీసి చూశారు. ఆ తర్వాత నెత్తురు తీసో, రక్తం తయారీని పెంచే కోబాల్ట్ అనే లోహం ఎక్కించో ఎలుక కొత్త కణాలు తయారు చేయగలుగుతోందా అని పరీక్షించేవారు. ఏది తీసినా ఎలుకలు బాగానే స్పందించాయి. రెండు కిడ్నీలూ తీసేసినప్పుడు మాత్రం స్పందన పోయింది.

కిడ్నీలు లేని ఎలుక ఒంట్లో మలినాలు పేరుకుని నీరసించినందువల్ల అలా జరిగిందేమో అన్న అనుమానం సహజం. దానికీ జాగ్రత్త పడ్డారు. కిడ్నీలు ఉంచి, మూత్రనాళాలు కట్టేసిన ఎలుకల్లో మలినాలు అలాగే పేరుకున్నా స్పందన ఉంది. జేకబ్‌సన్, గోల్డ్‌వాసర్, ఫ్రీడ్, ప్ల్జాక్ పేర్లతో 1957లో ‘నేచర్’ పత్రికలో ఈ ఫలితం వచ్చింది. నా దృష్టిలో గోల్డ్‌వాసర్ పనిలో అందంగా కుదిరిన ప్రయోగం ఇదే. తర్వాత చేసింది చాలా వరకు ఓపిక పని.

కొన్ని నెలల పని ఇరవై ఏళ్ళు ఎందుకు పట్టింది?

ముఖ్యంగా మూడు కారణాలు.

రక్తంలో ఈపీఓ ఉండేది లేశమాత్రం. ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తంలో ఒక మిల్లీలీటరుకు గ్రాములో వందకోట్లవ వంతు కూడా ఉండదు. అందులో పదో వంతుకు దగ్గరగా ఉంటుంది. చుట్టూ ఆల్బుమిన్ లాంటి ప్రొటీన్లు కోట్ల రెట్లు ఎక్కువ. వాటన్నిటినీ తీసేసి దీన్ని ఒక్కదాన్నే మిగల్చాలి. ప్రతి మెట్టులోనూ కొంత పోతుంది. ఏడెనిమిది మెట్లు దాటేసరికి చేతిలో ఏమీ మిగలకపోవచ్చు.

రెండోది, ఉందో లేదో తెలుసుకునే పరీక్ష. ఈపీఓకు రంగు లేదు, వాసన లేదు, రసాయన పరీక్షా లేదు. ఒకటే దారి. వేరుచేసిన ప్రతి భాగాన్నీ ఎలుకలకు ఎక్కించి, తర్వాత రేడియోధార్మిక ఇనుము ఎక్కించి, ఆ ఇనుములో ఎంత భాగం కొత్త ఎర్ర కణాల్లోకి చేరిందో లెక్కపెట్టాలి. ఒక్కో జవాబుకు రోజులు పట్టేది, బోలెడన్ని ఎలుకలు కావాల్సి వచ్చేది. కొలవడానికి ప్రమాణం కూడా వీళ్ళే పెట్టుకోవాల్సి వచ్చింది. మొదట్లో ఒక యూనిట్ ఈపీఓ అంటే, 5 మైక్రోమోల్‌ల కోబాల్ట్ ఇస్తే ఎలుకలో వచ్చేంత స్పందన. ఇవాళ సిరంజి మీద 4000 యూనిట్లు, 10000 యూనిట్లు అని చూస్తాం కదా, ఆ లెక్క మూలాలు ఈ ఎలుకల దగ్గర ఉన్నాయి.

మూడోది ముడిసరుకు. రక్తహీనత ఉన్న జంతువులో ఈపీఓ వందల రెట్లు పెరుగుతుంది కాబట్టి, గొర్రెలకు ఫినైల్‌హైడ్రజీన్ అనే మందు ఎక్కించి ఎర్ర కణాలు పగిలిపోయేలా చేసి, ఆ గొర్రెల రక్తం తెచ్చుకునేవారు. షికాగోకు దక్షిణాన ఉన్న ఒక కబేళా దగ్గర ఈ ఏర్పాటు. ఏళ్ళ తరబడి గొర్రె రక్తం మోసుకొచ్చి, వడపోసి, మళ్ళీ వడపోసి, 1971లో గోల్డ్‌వాసర్, ఆయన సహచరుడు చార్ల్స్ కుంగ్ కలిసి గొర్రె ఈపీఓను శుద్ధంగా తీశారు. ఉన్నది మరీ తక్కువ. దాని నిర్మాణం చూడటానికి చాలదు. పైగా అది గొర్రెది. మనిషికి మందు కావాలంటే మనిషి ఈపీఓ కావాలి.

ఇంతకాలం డబ్బు ఎవరిచ్చారు?

అమెరికా ప్రభుత్వం. మొదట అణుశక్తి సంఘం, తర్వాత జాతీయ ఆరోగ్య సంస్థలు. పన్నులు కట్టిన వాళ్ళ డబ్బు. ఇరవై ఏళ్ళ పాటు అమ్ముకోదగ్గ వస్తువేదీ చూపించని ల్యాబ్‌ను ఏ కంపెనీ భరించేది కాదు. ఒకట్రెండు మందుల కంపెనీలను గోల్డ్‌వాసర్ కలిసి చూశారు కూడా. వాళ్ళకు ఇందులో వ్యాపారం కనిపించలేదు.

జపాన్ నుంచి ఎవరో మూత్రం పొట్లం తెచ్చి ఇచ్చారంటారు. నిజమేనా?

నిజమే. ఆయన పేరు తకాజీ మియాకే, జపాన్‌లోని కుమమోతో విశ్వవిద్యాలయం శాస్త్రవేత్త. అప్లాస్టిక్ అనీమియా అనే జబ్బులో మూలుగ పనిచేయదు. మూలుగను నిద్రలేపాలని కిడ్నీలు ఈపీఓను విపరీతంగా వదులుతుంటాయి, అది కొంత మూత్రంలోకి పోతుంది. మియాకే అలాంటి రోగుల మూత్రం ఏళ్ళపాటు సేకరించి, గడ్డకట్టించి ఆరబెట్టి పొడి చేశారు. మొత్తం 2,550 లీటర్లు. దాన్ని శుద్ధి చేసే నేర్పు ప్రపంచంలో ఒక్క షికాగో ల్యాబ్‌లోనే ఉందని ఆయనకు తెలుసు. గోల్డ్‌వాసర్‌కు ఉత్తరం రాసి, 1975లో ఆ పొడిని సిల్కు గుడ్డలో మూట కట్టుకుని షికాగోలో దిగారు. ఒక హోటల్ లాబీలో వంగి నమస్కరించి అప్పగించారని చెప్తారు.

ఆ తర్వాత దాదాపు ఏడాదిన్నర మియాకే, కుంగ్, గోల్డ్‌వాసర్ కలిసి పనిచేశారు. చివరికి తేలింది సుమారు 8 మిల్లీగ్రాములు. చిటికెడు ఉప్పు కూడా దానికంటే చాలా ఎక్కువ బరువు ఉంటుంది. మిల్లీగ్రాముకు 70,400 యూనిట్ల బలం ఉన్న మానవ ఈపీఓ తీశామని 1977లో ‘జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ’లో రాశారు. ముగ్గురి పేర్లలో మొదటిది మియాకేది. గోల్డ్‌వాసర్ పేరు చివర ఉంటుంది.

ఈ కథలో పేర్లు తెలియని వాళ్ళు కూడా ఉన్నారు, ఆ మూత్రం ఇచ్చిన కుమమోతో రోగులు. ఆ రోజుల్లో వాళ్ళ జబ్బుకు సరైన మందు లేదు. తమ వల్ల తయారైన ఈపీఓ కూడా వాళ్ళకు ఉపయోగపడేది కాదు, వాళ్ళ ఒంట్లో అది ముందే ఎక్కువగా ఉంది.

ఆ 8 మిల్లీగ్రాములతో మందు ఎలా తయారైంది?

మూత్రం నుంచి తీసి అందరికీ సరఫరా చేయడం అయ్యే పని కాదు. జన్యువును పట్టుకుని, దాన్ని వేరే కణాల్లో పెట్టి ఈపీఓ తయారు చేయించాలి. జన్యువును వెతకాలంటే ప్రొటీన్‌లో అమైనో ఆమ్లాల వరుస కొంతైనా తెలియాలి. ఆ వరుస చదవడానికి శుద్ధమైన ప్రొటీన్ కావాలి. అది గోల్డ్‌వాసర్ దగ్గర ఉంది.

1980లో కాలిఫోర్నియాలోని థౌజండ్ ఓక్స్‌లో ఆమ్‌జెన్ అనే చిన్న కంపెనీ మొదలైంది. గోల్డ్‌వాసర్ తన దగ్గరున్న ఈపీఓను ఆ కంపెనీకి ఇచ్చి, వాళ్ళతో కలిసి పనిచేయడానికి ఒప్పుకున్నారు. అక్కడ తైవాన్‌లో పుట్టిన ఫూ-క్వెన్ లిన్ అనే శాస్త్రవేత్త ఆ వరుస ముక్కలను బట్టి డీఎన్ఏ ఎరలు తయారు చేసి, 1983లో మనిషి జన్యువుల మధ్య నుంచి ఈపీఓ జన్యువును బయటికి తీశారు. అది ఎంత కష్టమైన పనో తక్కువ చేసి చెప్పకూడదు. కంపెనీలో కొందరు అది అయ్యే పని కాదని అనుకునే రోజుల్లో లిన్ రెండేళ్ళు దాని మీదే కూర్చున్నారు.

తర్వాత ఇంకో చిక్కు వచ్చింది. ఇన్సులిన్ లాంటివి బ్యాక్టీరియాలో తయారు చేయొచ్చు, ఈపీఓ కుదరదు. దాని బరువులో 40 శాతం దాకా చక్కెరలే. వాటి కొసలో ఉండే సియాలిక్ యాసిడ్ తీసేస్తే ఈపీఓ గాజు పళ్ళెంలోని కణాల మీద పనిచేస్తుంది కానీ ఒంట్లో పనిచేయదని గోల్డ్‌వాసర్ బృందం 1974లోనే చూపించింది. ఒంట్లోకి వెళ్ళగానే కాలేయం దాన్ని పట్టి లాగేస్తుంది. బ్యాక్టీరియాకు ఈ చక్కెరలు అతికించడం రాదు. అందుకే చైనీస్ హ్యామ్‌స్టర్ అనే చిన్న జంతువు అండాశయ కణాల్లో తయారు చేస్తారు, ఇప్పటికీ అంతే. ఆ తర్వాత ఇంకొన్ని చక్కెరలు జోడించి, ఎక్కువ రోజులు నిలిచేలా చేసిన డార్బెపోయిటిన్ 2001లో వచ్చింది. దానికి కూడా ఆధారం ఇదే.

ఆయన పేటెంట్ ఎందుకు తీసుకోలేదు?

మానవ ఈపీఓ శుద్ధి అయ్యాక, ప్రభుత్వ నిధులతో చేసిన పని కాబట్టి నియమం ప్రకారం కాగితాలు నింపి పంపానని ఆయన చెప్పుకున్నారు. దాని మీద ఎవరూ ముందుకు కదల్లేదు. ఆయనా వెంటపడలేదు. అమెరికా విశ్వవిద్యాలయాలు ప్రభుత్వ డబ్బుతో చేసిన పరిశోధనకు తమ పేరు మీద పేటెంట్లు తీసుకోవడం తేలిక చేసిన బే-డోల్ చట్టం వచ్చింది 1980లో, అంటే 1977 వ్యాసం అచ్చయిన మూడేళ్ళకు.

పేటెంట్ లిన్ తీసిన జన్యువు మీద ఆమ్‌జెన్‌కు వచ్చింది. జెనెటిక్స్ ఇన్‌స్టిట్యూట్ అనే పోటీ కంపెనీతో ఏళ్ళ తరబడి కోర్టులో నడిచి, 1991లో ఆమ్‌జెన్ గెలిచింది. అమెరికాలో 1972 చట్టంతో డయాలసిస్ రోగుల ఖర్చు ప్రభుత్వ బీమా భరించడం మొదలైంది కాబట్టి ఈ మందుకు మొదటి రోజు నుంచే కొనేవాళ్ళు ఉన్నారు. 2000ల మధ్యకు వచ్చేసరికి ఈ రకం మందుల అమ్మకాలు ప్రపంచమంతా కలిపి ఏటా వెయ్యి కోట్ల డాలర్లకు అటూ ఇటూ ఉండేవి. అందులో శాతంలో శాతం వచ్చినా తన ల్యాబ్ హాయిగా నడిచేదని గోల్డ్‌వాసర్ ఒకసారి అన్నారు. అన్నారే కానీ జీవితమంతా దాని గురించి బాధపడుతూ కూర్చోలేదు. చివరి దాకా ల్యాబ్‌కు వెళ్ళే మనిషి.

డబ్బు రాకపోవడం కంటే నాకు కష్టంగా అనిపించేది ఇంకొకటి. చాలా చోట్ల ‘ఈపీఓను కనిపెట్టిన ఆమ్‌జెన్’ అని రాస్తుంటారు. జన్యువును తీసింది, మందుగా మార్చింది ఆ కంపెనీ. ఆ హార్మోన్‌ను మొదటిసారి శుద్ధంగా చేతిలోకి తెచ్చింది ఒక ప్రభుత్వ నిధుల ల్యాబ్.

ఆయనకు నోబెల్ వచ్చిందా?

రాలేదు. థాయిలాండ్ ఇచ్చే ప్రిన్స్ మహిడోల్ అవార్డు 2005లో వచ్చింది. తన పరిశోధన జీవితం గురించి ఆయన రాసుకున్న పుస్తకం ఆయన చనిపోయాక 2011లో అచ్చయింది. ప్రొస్టేట్ క్యాన్సర్ తిరగబెట్టి, చివరికి కిడ్నీలు పనిచేయక ఆయన చనిపోయారు.

నోబెల్ మాత్రం ఈపీఓ దగ్గరికి వేరే దారిలో వచ్చింది. ఆక్సిజన్ తగ్గిందని కిడ్నీ కణానికి ఎలా తెలుస్తుంది అన్న ప్రశ్నను గ్రెగ్ సెమెంజా, పీటర్ రాట్‌క్లిఫ్ ఈపీఓ జన్యువు నుంచే మొదలుపెట్టి వెతికారు. ఆ జన్యువును మేల్కొలిపే హెచ్ఐఎఫ్ అనే ప్రొటీన్ దొరికింది. వీళ్ళిద్దరికీ, విలియం కేలిన్‌కూ 2019 వైద్య నోబెల్ ఇచ్చారు. 1957లో ఎలుకలకు ఎక్కించిన కోబాల్ట్ రక్తాన్ని ఎందుకు పెంచిందో కూడా దీనితో అర్థమైంది. ఆక్సిజన్ ఉన్నా లేనట్టు కోబాల్ట్ కణాన్ని మోసం చేస్తుంది.

మందు రాకముందు డయాలసిస్ రోగుల పరిస్థితి ఎలా ఉండేది?

హిమోగ్లోబిన్ 6, 7 దగ్గర బతుకు ఈడ్చేవాళ్ళు. మెట్లెక్కలేరు, పని చేసుకోలేరు, చలికి వణికేవాళ్ళు. పదేపదే రక్తం ఎక్కించాల్సి వచ్చేది. దానివల్ల ఒంట్లో ఇనుము పేరుకుపోయేది, హెపటైటిస్ లాంటివి సోకేవి. ఇంకో నష్టం కూడా ఉంది. ఎక్కించిన రక్తం వల్ల ఒంట్లో ప్రతిరోధకాలు పుట్టి, రేపు కిడ్నీ మార్పిడికి సరిపోయే కిడ్నీ దొరకడం కష్టమయ్యేది. వీలైనంత వరకు రక్తం ఎక్కించకుండా చూడాలని డాక్టర్లు ఇప్పటికీ అనేది అందుకే.

సియాటిల్‌లో జోసెఫ్ ఎష్‌బాక్ బృందం 25 మంది రోగుల మీద ఈ మందు ప్రయోగించి, 1987 జనవరిలో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో ఫలితాలు రాసింది. తగినంత మోతాదు అందిన వాళ్ళకు రక్తం ఎక్కించే అవసరం తప్పింది. 1989 జూన్ 1న అమెరికాలో మందులకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ దీనికి అనుమతి ఇచ్చింది.

మా ఇంట్లో ఈ ఇంజెక్షన్ వారం వారం ఇస్తున్నా హిమోగ్లోబిన్ పెరగడం లేదు. మందు మంచిది కాదా?

ముందు ఇనుము చూడాలి. ఈపీఓ మూలుగకు కణాలు తయారు చేయమని చెప్తుంది, హిమోగ్లోబిన్‌కు కావలసిన ఇనుము అది ఇవ్వదు. ఫెరిటిన్, ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ అనే రెండు పరీక్షలు చేస్తే తెలుస్తుంది. డయాలసిస్ వాళ్ళకు మాత్రలు చాలక, చాలాసార్లు సెలైన్‌లో ఐరన్ ఎక్కిస్తారు.

ఇనుము సరిగ్గానే ఉంటే ఇన్‌ఫెక్షన్ ఉందేమో, డయాలసిస్ గంటలు తగ్గించేస్తున్నారేమో, ఎక్కడైనా రక్తం పోతోందేమో, పారాథైరాయిడ్ హార్మోన్ పెరిగిందేమో డాక్టర్ చూస్తారు. ఇంజెక్షన్‌ను ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు, గట్టిగా కుదపకూడదు. మందుల షాపు నుంచి ఎండలో బైక్ మీద తెచ్చి, రాత్రంతా బల్ల మీద పెట్టేస్తే దాని బలం తగ్గిపోవచ్చు. బీపీ పెరుగుతుందేమో కూడా కనిపెట్టి చూసుకోవాలి, ఈ మందుతో అది మామూలే.

హిమోగ్లోబిన్‌ను 14 దాకా పెంచేస్తే ఇంకా మంచిది కదా?

డాక్టర్లు కూడా ఒకప్పుడు అలాగే అనుకున్నారు. పరీక్షించి చూస్తే తేడా వచ్చింది. 2006లో వచ్చిన చాయిర్ అధ్యయనంలో 13.5 లక్ష్యంగా పెట్టుకున్న వాళ్ళకు, 11.3 దగ్గర ఆపిన వాళ్ళకంటే గుండె సమస్యలు, మరణాలు ఎక్కువయ్యాయి. 2009లో ట్రీట్ అనే అధ్యయనంలో, షుగర్ ఉన్న కిడ్నీ రోగుల్లో పక్షవాతం దాదాపు రెట్టింపు కనిపించింది. అప్పటికే, 2007లో, ఎఫ్‌డీఏ ఈ మందుల డబ్బా మీద పెద్ద హెచ్చరిక పెట్టించింది. ఇవాళ సాధారణంగా 10 నుంచి 11.5 దాకా ఉంటే చాలనుకుంటారు, 13 దాటనివ్వరు. మోతాదు మీ డాక్టర్ నిర్ణయించాల్సిందే. పక్క బెడ్ వాళ్ళకు ఎంత ఇస్తున్నారని పోల్చుకోకండి.

రక్తహీనత ఉన్న ఆడవాళ్ళకు కూడా ఇది ఇవ్వొచ్చా?

సాధారణంగా వద్దు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. వీళ్ళలో చాలామందికి లోటు ఇనుముది, కొందరికి ఫోలిక్ యాసిడ్, బీ12ది. కిడ్నీలు బాగున్న వాళ్ళ ఒంట్లో ఈపీఓ సరిపడా తయారవుతూనే ఉంటుంది. పైనుంచి ఇంకొంచెం ఎక్కిస్తే ఖర్చు తప్ప ఉపయోగం లేదు, ప్రమాదం కూడా.

ఫోలిక్ యాసిడ్ అనగానే మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గుర్తురాక మానరు. లెడర్లే కంపెనీలో ఆయన బృందం 1940లలో దాన్ని కృత్రిమంగా తయారు చేసింది. ఆయనా రక్తం జబ్బుల మీద పనిచేసిన జీవరసాయన శాస్త్రవేత్తే, ఆయన పేరూ బయట చాలామందికి తెలియకుండానే ఉండిపోయింది.

సైకిల్ పందేల్లో ఈపీఓ గొడవ ఏమిటి?

ఎర్ర కణాలు పెరిగితే కండరాలకు ఆక్సిజన్ ఎక్కువ అందుతుంది. ఆటగాళ్ళు దీన్ని పసిగట్టడానికి ఎక్కువ కాలం పట్టలేదు. ఒలింపిక్ సంఘం 1990లో నిషేధించింది, కానీ పట్టుకునే పరీక్ష లేదు. ఒంట్లో సహజంగా ఉండే హార్మోన్ కాబట్టి ఏది సొంతమో ఏది ఇంజెక్షనో చెప్పలేకపోయారు. 1998 టూర్ ద ఫ్రాన్స్‌లో ఫెస్టినా జట్టు కారులో మందులు దొరికి పెద్ద రభస అయింది. 2000లో ఫ్రాన్స్‌కు చెందిన ఫ్రాన్స్వాజ్ లాన్, జాక్ ద సోరిజ్ మూత్ర పరీక్ష కనిపెట్టారు. దానికి ఆధారం మళ్ళీ ఆ చక్కెరలే. హ్యామ్‌స్టర్ కణాలు అతికించే చక్కెరలు, మనిషి కిడ్నీ అతికించేవి ఒకేలా ఉండవు. అమెరికా సైక్లిస్టు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ గెలిచిన టూర్ ద ఫ్రాన్స్ టైటిళ్ళు ఏడూ 2012లో పోయాయి, ఈపీఓ వాడానని మరుసటి జనవరిలో టీవీలో ఒప్పుకున్నారు.

ఈ మందు మన దగ్గర తయారవుతుందా?

అవుతుంది. హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ షాన్‌పోయిటిన్ పేరుతో చేసింది. డాక్టర్ రెడ్డీస్ 2010లో క్రెస్ప్ పేరుతో డార్బెపోయిటిన్ తెచ్చింది. ఇతర భారతీయ కంపెనీలవి కూడా చాలా ఉన్నాయి, అందుకే ధర విదేశాల్లోకంటే బాగా తక్కువ.

అవసరం ఎంతో శ్రీకాకుళం జిల్లా ఉద్దానం చూస్తే తెలుస్తుంది. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో జీడితోటల్లో, కొబ్బరితోటల్లో పనిచేసే వాళ్ళకు, షుగర్, బీపీ లేకపోయినా కిడ్నీలు చెడిపోతున్నాయి. కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. డయాలసిస్ ఉచితంగా దొరికినా ఈపీఓ ఇంజెక్షన్, ఐరన్, రవాణా కలిపి అయ్యే ఖర్చును కూలి కుటుంబాలు అంత తేలిగ్గా మోయలేవు. ఏ కేంద్రానికి వెళ్తున్నారో అక్కడ ఈపీఓ పథకం కిందే ఇస్తారా, బయట కొనుక్కోవాలా అని ముందే అడిగి తెలుసుకోండి.

ఇంజెక్షన్ కాకుండా మాత్ర లేదా?

ఉంది. హెచ్ఐఎఫ్ దారిలో పనిచేసే మాత్రలు వచ్చాయి. ఆక్సిజన్ తగ్గినట్టు ఒంటికి అనిపించేలా చేసి, సొంత ఈపీఓను పెంచుతాయి. రోక్సాడుస్టాట్‌కు 2018లో చైనా అనుమతి ఇచ్చింది. మన దేశంలో జైడస్ కంపెనీ డెసిడుస్టాట్‌కు 2022లో అనుమతి వచ్చింది. రక్తం గడ్డకట్టే ప్రమాదం వీటితోనూ ఉంది, కాబట్టి ఎవరికి వాడాలన్నది కిడ్నీ డాక్టర్ చెప్పాలి.

బయోకెమిస్ట్రీ చదువుతున్నాను. గోల్డ్‌వాసర్ గురించి ఎక్కడ మొదలుపెట్టాలి?

‘జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ’లో వచ్చిన 1977 వ్యాసంతో. పాత సంచికలు ఆ పత్రిక సైటులో ఉచితంగా దొరుకుతాయి. సారాంశం చదివి వదిలేయకుండా పద్ధతుల భాగం చదవండి. ప్రతి మెట్టులో ఎన్ని యూనిట్లు మిగిలాయో, ఎంత ప్రొటీన్ తగ్గిందో పట్టికలో ఇచ్చారు. మొత్తం మీద చేతికి వచ్చింది మొదట ఉన్నదాంట్లో 21 శాతం. ప్రొటీన్ శుద్ధి మీద ప్రాక్టికల్ చేసిన వాళ్ళకు ఆ అంకె ఎంత గొప్పదో వెంటనే తెలుస్తుంది. ఆ తర్వాత 1957 ఎలుకల వ్యాసం చూడండి, చాలా చిన్నది, ఒక కూర్చోవడంలో అయిపోతుంది.